పూర్తి డోసు

"మీ పుట్టింట్లో, ఆ చంగనాశేరిలో దీన్నే గంజి అంటారా? పశువు కూడా మూతి పెట్టదు!" ఆసుపత్రి మంచం మీంచే త్రేస్యామ్మ గిన్నె తోసేసింది. గంజంతా కోడలు రోసమ్మ చీర మీదా, నేల మీదా ఒలికింది.

కుర్ర డాక్టరు జిబిన్ పెదవి విరిచాడు. "ఈవిడకింకా మతి కుదరలేదు మేడమ్. మొన్ననే యాంటీబయాటిక్ సగానికి తగ్గించాం కదా!"

"మీసమైనా మొలవని వీడా నాకు వైద్యం చేసేది?" అంది ముసలావిడ.

పెద్ద డాక్టరు సూసన్ అతణ్ణి ఎగాదిగా చూసింది. "రిపోర్టులో కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ మామూలుగా ఉందని పూర్తి డోసు ఎక్కించేశావు. అది పుట్టేది కండలోంచి. ఈవిడ చేతికి కండ ఎక్కడుందయ్యా? కిడ్నీలు సగం పాడైనా అంకె బాగానే కనిపిస్తుంది. మందు బయటికి పోక తలకెక్కింది."

"మరి ఈ తిట్లు?"

"అది జబ్బు కాదు డాక్టర్, మా అత్తగారు అమ్మచ్చి అసలు గుణమే అది!" అంది రోసమ్మ, చీర తుడుచుకుంటూ. "పెళ్లయిన నాటి నుంచీ ఇంతే. మొన్న 'నా తల్లీ, నువ్వు తిన్నావా?' అని నా చెయ్యి నిమిరింది. భయమేసి మేడమ్ దగ్గరికి పరిగెత్తాను."

"మంచి పని చేశావు. ఇక మీ అత్తగారు నీకు దక్కినట్టే," అంది సూసన్.

"ఏడ్చినట్టుంది! ముందు ఆ నేల తుడవమనండి దాన్ని."

రోసమ్మ వంగి నేల తుడిచింది. లేచాక, ఆవిడ నిమిరిన చేతిని కాసేపు చూసుకుని, గొంతు తగ్గించి అడిగింది:

"మందు మరీ సగానికి తగ్గించాలా, డాక్టర్?"