గ్రాముల బిడ్డ

మొదట పుష్పావతి చేతిలోని రిపోర్టులో ఉన్నది ఎనిమిది వందల గ్రాములు.

ఇరవై తొమ్మిదో వారంలో కడుపులోని బిడ్డ బరువు అంతేనని స్కానింగ్ చెప్పింది. ఉండాల్సింది పన్నెండు వందలు.

ధర్మవరంలో పట్టునూలు తూచి అమ్మే మనిషి ఆమె. పది గ్రాములు తగ్గినా చేతికే తెలిసిపోతుంది. ఇది నాలుగు వందల తరుగు.

తప్పు తనదేననుకుంది. బిడ్డ లావైతే కాన్పు కష్టమని వాళ్ళమ్మ చెబితే, వదిన సువర్ణను తన ఇంట్లోనే పెట్టుకుని నాలుగు నెలలుగా సగం పళ్ళెమే వడ్డించింది.

"నేనే మాడ్చినాను మేడమ్," అని ఒప్పేసుకుంది.

డాక్టర్ రెబెకా తెర మీద మాయను చూపించింది.

"సగం పళ్ళెం తప్పే. రేపట్నుంచి కడుపునిండా పెట్టు. కానీ అసలు లోపం ఈడుండాది. బిడ్డకు తిండి అందించేది ఈ మాయ. బొడ్డుతాడులో రక్తం దీనికి పోతానే ఉండాల, బిడ్డ గుండె దెబ్బకూ దెబ్బకూ మధ్యలో కూడా. ఇప్పుడు సన్నగిల్లింది. ఆగితే అడ్మిట్ చేస్తాం. వెనక్కి మళ్ళితే ఆ రోజే ఆపరేషన్."

వారానికి రెండుసార్లు అనంతపురం ప్రయాణం. బస్సు గుంతలో పడితే సువర్ణ కంటే ముందు పుష్పావతి ఉలిక్కిపడేది. గంటకోసారి "తన్నిందా వదినా?" అని అడిగేది.

"కడుపు నాది, భయం నీకా?" సువర్ణ నవ్వింది. "నా పెద్దోడప్పుడు ఇన్ని స్కాన్లు యాడివి? తన్నకుంటే నేనే చెప్తాలే. పోయి టీ తాగు."

ముప్పై ఒకటో వారం. వెయ్యి గ్రాములు. తెర మీద బొడ్డుతాడు రక్తం గీసే అలకూ అలకూ మధ్య ఖాళీ. అడ్మిట్ చేశారు.

పుష్పావతి అంగడి మూసి, మంచం పక్కన చాప పరుచుకుంది. ఒక్కో రోజు గడిస్తే బిడ్డకు పదో పదిహేనో గ్రాములు. గడవకపోతే? లెక్క అక్కడ ఆపేసేది.

వారం తిరిగిన పొద్దున అల గీత కిందికి దిగింది, రక్తం వెనక్కి మళ్ళింది. రెబెకా పొట్ట మీది జెల్ తుడవకుండానే థియేటర్‌కు ఫోన్ చేసింది.

బయట బెంచీ మీద సువర్ణ మొగుడు శివప్ప కూర్చున్నాడు. పుష్పావతి మొగుడు గంగాధర్ వరండా ఆ చివరికీ ఈ చివరికీ తిరుగుతున్నాడు.

"ఏమప్పా బావా, నేల అరిగిపోతాది. కూచో," అన్నాడు శివప్ప.

నర్సు తల బయటపెట్టింది. "ఆడబిడ్డ. ఏడ్చింది. వెయ్యీ తొంభై."

అయినా భయం దిగలేదు. మూడు రోజులు అద్దాల పెట్టెలోనే ఉంచారు. నాలుగో రోజు నర్సు వార్డుకు వచ్చింది.

"ఊపిరి బాగుండాది. ఇంక బిడ్డ ఒళ్ళు తల్లి ఒంటికి తగలాల. తల్లి ఒక్కతే రావాల."

సువర్ణ మంచం మీంచి కదల్లేదు. "ఇంకా నిలబడుకోనే ఉండావేం? పో," అంది.

ఆరేళ్ళ కిందటే గర్భసంచి తీయించుకున్న పుష్పావతి రవిక గుండీలు విప్పుకుంటూ లోపలికి పోయి, వదిన అరువిచ్చిన కడుపులో పెరిగిన తన సొంత బిడ్డను, దక్కిన ఆ వెయ్యీ తొంభై గ్రాములను, గుండెకు ఆనించుకుంది.