ఊగే తాటిచెట్టు

ఆ రోజుల్లో ప్రతి మండల దవాఖానాలోనూ మందుల గది పక్కన, లేనిదాన్ని ఉన్నట్టే కళ్లముందు చూపించే కళ్లజోళ్ల గది ఒకటి ఉండేది. ఎముకలు అతికాక కూడా మిగిలిపోయిన భయాన్ని అక్కడ పోగొట్టేవారు. నల్గొండ జిల్లాలోని అలాంటి ఒక గదికి నౌషీన్ ఇంజనీరుగా వచ్చింది. అంతకుముందు ఇరవై ఏళ్లు ఆటల కంపెనీల్లో పనిచేసి, కళ్లజోడులో కనిపించే బొమ్మ వెంట్రుకవాసి కూడా వణకకుండా నిలపడంలో పేరు తెచ్చుకుంది. బొమ్మ వణికితే చూసేవాళ్లకు కళ్లు తిరుగుతాయి.

కల్లు గీస్తూ చెట్టు మీంచి పడి, రెండేళ్లుగా మళ్లీ ఎక్కని ఐలయ్య కోసం ఆమె నెల రోజులు కూర్చుని కళ్లజోడులో కనిపించే ఒక తాటిచెట్టు తయారుచేసింది. ఆయన నడుముకు మోకుతాడు బిగించుకుని, కళ్లజోడు పెట్టుకుని, ఎక్కేకొద్దీ కిందికి జరిగే గుంజ మీద చకచకా ఎక్కేసి దిగాడు.

"గిది చెట్టు గాదు బిడ్డా, కరెంటు స్తంభం. తాటిచెట్టు ఊగుతది. నాకు భయం ఎత్తంటె గాదు, ఆ ఊపంటెనే."

నౌషీన్‌కు మనసొప్పలేదు. ఇన్నాళ్లూ తరిమిన వణుకును ఇప్పుడు చేజేతులా తెచ్చిపెట్టాలి. అయినా రెండు పూటలు తాటివనంలో తలెత్తి నిలబడి, గాలికి చెట్ల తలలు ఎలా వంగి లేస్తున్నాయో చూసి వచ్చింది.

ఈసారి సగానికి రాగానే చెట్టు ఊగింది. ఐలయ్య గుంజను కరుచుకుపోయాడు. ఒళ్లంతా చెమటలు.

"ఆపెయ్యనా పెద్దయ్యా?" అంది నౌషీన్, మీట మీద వేలు పెట్టి.

ఆయన మోకును మెల్లగా పైకి జరిపాడు. కాసేపటికి ఒక కాలు పైకి జరిగింది, తర్వాత రెండోది. చెట్టు కొసన మొవ్వు అందుకున్నాక గట్టిగా ఊపిరి పీల్చుకున్నాడు.

"గాలి జరంత పెంచు బిడ్డా! మా వనంల ఇంకా జోరుగ కొడతది."