బోర్డులో ఈక

బల్ల మీది చిన్న కంప్యూటర్ డబ్బా మూత తీయగానే లోపలి నుంచి కోడి ఈక ఒకటి ఎగిరి వచ్చి అక్క పెదవి మీద వాలింది.

వెనకే కంపు.

అక్క ఈకను విదిలించి పెదవి తుడుచుకుంది. బోర్డు మీద చిప్పుల సందుల్లో కోడిరెట్ట ఎండి అట్ట కట్టి ఉంది.

"మళ్ళీ ఆగిపోయిందమ్మా," అన్నాడు కోళ్ళాయన.

ఆమెను అక్క అని పిలిచే వర్క్‌షాపు వాళ్ళే ఆయనకా పేరు పెట్టారు. ఎక్కడో కోళ్ళషెడ్డులో పని. వారం వారం ఊడిపడేవాడు. వేడికి ఆగిపోతోందనేవాడు, చెమ్మకు తుప్పు పడుతోందనేవాడు, మూత వదులుగా ఉందనేవాడు. ఆయన వచ్చి వెళ్ళాక కిటికీలన్నీ తెరిచి పెట్టుకోవాల్సి వచ్చేది.

పైగా చందా కట్టినవాడు కూడా కాదు.

ఆ కంప్యూటర్ పుట్టిందే చందాలతో. అది ఏ కంపెనీ సొత్తూ కాకూడదని, డిజైన్ దాచుకోకుండా లోకానికి ఇచ్చేయాలని రెండు వందల మంది సంఘంగా ఏర్పడి తలో చెయ్యి వేశారు. అక్క మంచి ఉద్యోగం మానుకుని దాన్ని తయారు చేసే ఈ వర్క్‌షాపు నడుపుతోంది. ఈ పెద్దమనిషేమో పాతసామాన్ల కొట్లో కొనుక్కున్నాడట. ఎవరింట్లో కొట్టేసిన సరుకో అనుకుంది అక్క.

సరిగ్గా ఆ రోజే రావాలా? మధ్యాహ్నం దాత వస్తోంది. రెండో విడత బోర్డులకు ఆవిడ డబ్బు పెడితే సరి, లేకపోతే నెలాఖరుకు వర్క్‌షాపుకు తాళమే.

"ఇది కోళ్ళ కోసం చేసింది కాదు, పెద్దాయనా," అంది ముక్కుకు చెయ్యి అడ్డం పెట్టుకుని.

"మరెవరి కోసమమ్మా?"

ఆయన నిజంగానే తెలియక అడిగాడు. అక్కకు మాత్రం ఒళ్ళు మండింది. బోర్డును రెండు వేళ్ళతో ఎత్తి ఆయన సంచిలో పడేసింది.

"ఇంకెప్పుడూ ఈ గుమ్మం తొక్కకండి."

ఆయన సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. అక్క బల్లను ఫినాయిల్‌తో రెండుసార్లు కడిగింది.

దాత వచ్చింది. ఏళ్ళ తరబడి ఫ్యాక్టరీలు నడిపిన మనిషి. అన్నీ తిరిగి చూసింది, అన్నీ మెచ్చుకుంది.

"దీంతో రోజూ పని చేసుకునేవాళ్ళని ఒక్కళ్ళని చూపించండి, చాలు. రేపే సంతకం పెడతాను," అంది.

"ఒక్కళ్ళేమిటండీ, రెండు వందల మంది ఉన్నారు," అని నవ్వింది అక్క.

ఆవిడ కారెక్కగానే ఫోన్లు మొదలుపెట్టింది.

మీటింగుల్లో స్వేచ్ఛ, స్వేచ్ఛ అని గొంతు చించుకునే ఉపాధ్యక్షుడు బోర్డుకు అద్దం కట్టించి హాల్లో గోడకు తగిలించుకున్నాడట. చుట్టాలంతా మెచ్చుకుంటున్నారట. ఇంకొకాయన పెట్టె సీలే తీయలేదు, తీస్తే రేపు ధర పలకదట. మరొకావిడ ఏ అటక మీద పెట్టిందో గుర్తు లేదంది. ఆ తర్వాత చేసిన ఫోన్లన్నింటిలోనూ ఇదే పాట. పేరు గొప్ప, ఊరు దిబ్బ.

చివరికి కోశాధికారి దొరికాడు.

"అదా అక్కా? ఇల్లు సర్దుతూ మా ఆవిడ పాతసామాన్లవాడికి వేసేసింది," అన్నాడు, తల వెంట్రుకంత సిగ్గు కూడా లేకుండా.

అక్కకు పొద్దుటి కంటే ఎక్కువ రోత పుట్టింది. ఛీ, వీళ్ళనా నేను నమ్ముకున్నది అనుకుంది. అనుకుంటూనే సొరుగు లాగి చూసింది. ఆమె వంతు బోర్డు అక్కడే ఉంది, కవరు కూడా చింపకుండా. వర్క్‌షాపు పనులన్నీ ఆమె చేసేది బజార్లో కొన్న కంపెనీ లాప్‌టాప్ మీద.

ఆ రోత ఎవరి మీదా తోసేయడానికి లేకపోయింది.

తెల్లవారగానే నలుగురిని అడిగి కోళ్ళషెడ్డు పట్టుకుంది. లోపల వరసగా వెచ్చటి బల్బులు, వాటి కింద పసుపుపచ్చగా కోడిపిల్లలు. గోడకు ఏదో కంపెనీ చేసిన కొత్త పెట్టె ఒకటి బిగించి ఉంది. బల్బులు దాని మాట విని వెలుగుతూ ఆరుతున్నాయి.

అక్క ఆ పెట్టె వంకే చూడటం గమనించి కోళ్ళాయన నొచ్చుకున్నాడు.

"ఇన్నాళ్ళూ మీ బోర్డే చూసుకుంది తల్లీ ఈ పని. నిన్న మీరు రావద్దన్నారు కదా. పిల్లలు చలికి తట్టుకోలేవని మా యజమాని ఇది తెచ్చి పెట్టారు."

"మా బోర్డు?"

"తీసుకెళ్ళి పాతసామాన్ల కొట్లో ఇచ్చేశాను."

అక్క చేతిలో ఫోన్ మోగుతోంది, దాత నుంచి.

రెండు వందల మంది చందాలేసి కన్న ఆ కంప్యూటర్‌ను లోకంలో నిజంగా వాడిన ఒకే ఒక్క మనిషి, కంపెనీ పెట్టె మీద పడ్డ దుమ్మును తువ్వాలుతో మెల్లగా తుడుస్తున్నాడు.