పంటి నొప్పి కాదేమో

“ఎత్తు ఎక్కుతుంటే వస్తుందా, ఊరికే కూర్చున్నా వస్తుందా?”

బల్ల మీద పక్కన కూర్చున్న ముసలాయన అడిగాడు.

బు వార్సిని, అంటే వార్సిని అమ్మగారు, తల తిప్పి చూసింది. ముక్కూ మొహం తెలియని మనిషి.

“ఏది?” అంది విసురుగా.

“అదే, గుండెల్లో బరువు. చెయ్యి అక్కడే పెట్టుకున్నారుగా.”

ఆమె చెయ్యి దించేసింది.

ఇండోనేషియాలోని సెమరాంగ్ కొండవాలులో ఉన్న ఆ చిన్న ఆసుపత్రికి ఆమె రావడం మూడు నెలల్లో ఇది ఏడోసారి. పెద్దవాళ్లను చూసేది మంగళవారం. అందుకని ప్రతిసారీ మంగళవారమే వచ్చేది.

గ్యాస్ అన్నారొకసారి. కుట్టుమిషను మీద వంగి వంగి కండరం పట్టేసిందన్నారు ఇంకోసారి. ఈసీజీ బాగుంది. రక్తం బాగుంది. ఎక్స్‌రే బాగుంది.

బాగాలేనిది వార్సిని ఒక్కతే.

పక్కింటి బు జుమియా మాత్రం ఒక్క చూపులో తేల్చేసింది.

“గాలి చొరబడింది, ఇంకేం లేదు.”

వీపుకి నూనె రాసి, ఎర్రటి చారలు తేలేదాకా నాణెంతో గీకింది. అల్లం నీళ్లు తాగించింది. ఆ పైన నవ్వుతూ ఒక మాట అంది.

“ఒంటరిగా ఉంటే ఇలాంటివే వస్తాయి బూ. మళ్లీ పెళ్లి చేసుకో, రెండ్రోజుల్లో తగ్గిపోతుంది.”

గీకిన చారలకంటే ఆ మాటే ఎక్కువ మండింది.

భర్త పోయి నాలుగేళ్లు. పిల్లల్లేరు. నొప్పొచ్చినప్పుడు ‘అమ్మా’ అంటే ‘ఏమైంది’ అనేవాళ్లు లేరు. అందుకే అనడం కూడా మానేసింది. సూది ఆపి, గోడవైపు చూస్తూ, నొప్పి దానంతటది పోయేదాకా కూర్చునేది.

పై మంగళవారం కూడా ముసలాయన అదే బల్ల మీద ఉన్నాడు.

“ఈ వారం ఎన్నిసార్లొచ్చింది?”

“లెక్కపెట్టలేదు.”

“తిన్నాక వస్తుందా?”

“నీళ్ల బకెట్టు మోస్తే వస్తుంది.”

“దించేస్తే?”

“పోతుంది.”

“ఆ మాట డాక్టరమ్మకి చెప్పారా?”

వార్సినికి ఒళ్లు మండింది. ఆసుపత్రి బల్ల మీద ఇంత ప్రేమగా పలకరించేవాళ్లు చివరికి సంచీలోంచి ఏదో సీసా తీస్తారని ఆమెకు తెలుసు.

“వేర్ల పొడా, తేనా? ఏం అమ్ముతున్నారో చెప్పేయండి పాక్, పెద్దాయనా. నేను మాత్రం కొనను.”

ముసలాయన బోసినోటితో నవ్వాడు. సంచీలోంచి ఏమీ తియ్యలేదు.

మూడో మంగళవారం ఆయన ఇంకా దగ్గరికి జరిగాడు.

“ఒక్కమాట బూ. ఛాతీ బరువెక్కినప్పుడు దవడేమైనా లాగుతుందా?”

లాగుతుంది. ఎడమ దవడ, కింది పన్ను దగ్గర. రెండు నెలలుగా అటువైపు నమలడమే మానేసింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఈయనకెలా తెలిసింది?

“పన్ను పుచ్చింది. అంతే.”

“పంటి నొప్పి కాదేమో. అందరూ పన్నే అనుకుంటారు. లోపలికెళ్లగానే ముందు అది చెప్పండి.”

“నా పన్ను, నా దవడ! మీకెందుకండీ?” వరండా అంతా ఇటు తిరిగేలా అరిచింది వార్సిని. “ప్రశ్నలడగడానికి మీ ఇంట్లో ఎవరూ లేరా?”

ముసలాయన తన సంచీ అందుకున్నాడు.

“లేరు బూ,” అన్నాడు మెల్లగా.

లేచి, వరండా చివరి బల్ల మీదకెళ్లి కూర్చున్నాడు. ఆ రోజు ఆమె డాక్టరుకి ఏమీ చెప్పలేదు. పంతం.

నాలుగో మంగళవారం ఆయన రాలేదు.

పక్కన చోటు ఖాళీగా ఉంది. చీటీ నంబరు పిలిచేదాకా ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు. ఊపిరి తీసుకోవచ్చనుకుంది గానీ, గేటువైపు రెండు మూడుసార్లు చూసింది.

“ఎలా ఉంది బూ? అలాగే ఉందా?” అంది డాక్టరమ్మ, మాత్రల చీటీ రాస్తూనే.

“అలాగే ఉంది.”

“ఇంకేమైనా ఉందా?”

లేదనబోయింది. ఎందుకో నోరు వేరే మాట పలికింది.

“బకెట్టు మోస్తే వస్తుంది, దించితే పోతుంది. అప్పుడే దవడ కూడా లాగుతుంది. ఈ పక్క.”

డాక్టరమ్మ కలం ఆగింది.

ఆ మధ్యాహ్నమే పెద్దాసుపత్రికి పంపారు. గుండె రక్తనాళాలు రెండు పూడుకుపోతున్నాయి. స్టెంట్లు వేశారు.

“ఊరికే పడుకున్నప్పుడు తీసిన ఈసీజీలో ఇది దొరక్కపోవచ్చు,” అన్నాడక్కడి డాక్టరు. “దవడ సంగతి చెప్పి మంచి పని చేశారు. ఇంకో నెల ఆగుంటే మీతో మాట్లాడేవాణ్ణి కాదు.”

ఆరు వారాల తర్వాత వార్సిని కొండవాలు మెల్లగా, ఆగకుండా ఎక్కింది. చేతిలో డబ్బా నిండా రెంపెయెక్ చెక్కలు. పల్లీలు వేసి, బోసినోటికి కూడా కరిగేలా పల్చగా వేయించింది. ఏమని మొదలుపెట్టాలో దారంతా అనుకుంటూ వచ్చింది.

చివరి బల్ల దాకా చూసి, చీటీలిచ్చే అమ్మాయిని అడిగింది.

“ఇక్కడ కూర్చునే ముసలాయన ఇవాళ రాలేదా?”

“మ్బాహ్ కసిమిన్ గారా? తాత పోయారు బూ. మీరు ఆయన మీద కేకలేశారే, ఆ వారమే. నిద్రలోనే.”

డబ్బా బరువెక్కింది. వార్సిని బల్ల మీద కూర్చుంది.

“ఏం జబ్బు ఆయనకి?”

“జబ్బేం లేదు. ఆయన ఏనాడూ చీటీ తీసుకోలేదు.”

“మరెందుకొచ్చేవారు? పూర్వం కాంపౌండరా?”

“అయ్యో, సంతకం కూడా రాదాయనకి,” అంది ఆ అమ్మాయి. “కొండమీద నలభై ఏళ్లు సమాధులు తవ్వింది ఆయనే బూ, శవాన్ని తెచ్చిన ప్రతివాళ్లనీ ‘పోయేముందు ఎక్కడ నొప్పన్నారు’ అని అడిగి గుర్తుపెట్టుకునేవారట.”