ఎడమవైపు సీటు

"బస్సులో ఎటువైపు కూర్చున్నారమ్మా?"

సోమవారం పొద్దున్నే, లిఫ్టులో, ఇదీ ప్రశ్న.

అడిగింది లిఫ్టు బాబాయి. ఇనుప జాలీ తలుపు పక్కన స్టూలు వేసుకుని, పిడి తిప్పుతూ ఆ డబ్బాని పైకీ కిందికీ నడిపే మనిషి. ఆఫీసు రీడింగ్ రూము తాళం కూడా ఆయన దగ్గరే ఉంటుంది. పుస్తకం తీసుకోవాలన్నా, తిరిగి ఇవ్వాలన్నా ఆయన మొహమే చూడాలి.

మూడో అంతస్తు అమ్మాయి యాత్రల పుస్తకాన్ని ఆయన చేతిలో పెట్టింది.

"కుడివైపు," అంది ముక్తసరిగా.

"ఎండ కొట్టిందా?"

"కనపడట్లేదా? చెంప మాడిపోయింది."

"అయ్యో. మరి చెప్పులు? కరిచాయా?"

తలుపు తీయగానే ఆమె విసురుగా దిగిపోయింది.

ప్రశ్నలంటే ఆమెకి ఒళ్లు మంట. ఉండదా మరి? ఆదివారం గడప దాటబోతే అమ్మ "ఎక్కడికి" అంటుంది, వదిన "ఎవరితో" అంటుంది, అన్నయ్య "చీకటి పడకముందే రావాలి" అంటాడు. వారంలో ఆరు రోజులు కిటికీ లేని ఫైళ్ల గది. మిగిలిన ఆ ఒక్క రోజు కోసమే ఆమె కొత్త స్కార్ఫులు, వాటికి నప్పే చెప్పులు, నల్ల కళ్లద్దాలు. ఆ ఒక్క రోజుకి కూడా లిఫ్టులో సంజాయిషీ ఇచ్చుకోవాలంటే ఊపిరాడనట్టుంది.

ఉన్న ఒకే ఒక్క ఊరట, పెన్సిల్ మనిషి.

ఎవరో తెలియదు. రీడింగ్ రూములోని యాత్రల పుస్తకాల్లో, పేజీ అంచున, గుండ్రటి అక్షరాలతో రాస్తుంటాడు.

"మెట్లు నాలుగొందల పది. కొత్త చెప్పులు వద్దు."

"జలపాతం దగ్గర టీ నోట పెట్టలేం. ఫ్లాస్కు తీసుకెళ్లండి."

"ఒంటరిగా వెళ్లే ఆడపిల్లలు చివరి బస్సు కోసం ఆగొద్దు. నాలుగున్నరది ఎక్కండి."

ఒక్కటీ తప్పు పోలేదు. ఆ నాలుగున్నర బస్సు పుణ్యమా అనే అన్నయ్య నోరు మూతపడింది. నిన్న వెళ్లిన లైట్‌హౌసు పేజీలో మాత్రం ఒక్క పెన్సిల్ గీత లేదు. అందుకే చెంప మాడింది.

ఎన్ని ఊళ్లు తిరిగాడో ఆ మనిషి! ఎలాగైనా ఆయన్ని కలవాలి. ఈ ఏడాది నాలుగు రోజులు సెలవు పెట్టి ఒక్కతే దూరం వెళ్లాలనుంది. ఇంట్లోవాళ్లని ఎలా ఒప్పించాలో కూడా ఆయన్నే అడగాలి.

ఏడో అంతస్తు ఆఫీసరుగారి మీద అనుమానం. ఆయన గది నిండా కొండల ఫొటోలే.

"సార్, పుస్తకాల్లో పెన్సిల్‌తో రాసేది మీరేనా?"

"పుస్తకాలా? నాకు నిద్ర పట్టడానికి పేపరు చాలమ్మా," అని నవ్వాడు.

ఉసూరుమంటూ దిగుతుంటే లిఫ్టు బాబాయి మళ్లీ అందుకున్నాడు.

"ఇంతకీ చెప్పులు..."

ఆ మధ్యాహ్నం ఆమె కంప్లయింట్ల పెట్టెలో చీటీ వేసింది. "లిఫ్టు నడిపే ఆయన సొంత విషయాలు అడిగి విసిగిస్తున్నారు." కింద పేరు రాయలేదు.

నెల తిరిగేసరికి స్టూలు పోయింది. జాలీ పోయి స్టీలు తలుపు వచ్చింది. పిడి ఉన్నచోట మీటలు వచ్చాయి.

"బాబాయిని పంపించేశారట," అంది పక్క సీటు టైపిస్టు అక్క. "మీటల లిఫ్టు పెట్టాలని ఎప్పట్నుంచో చూస్తున్నారుగా. ఎవరిదో కంప్లయింటు వంకగా దొరికింది."

"ఎక్కడికెళ్లాడు?"

"ఎవరికి తెలుసు? ఇరవై ఏళ్లలో ఒక్కసారి కూడా సెలవు పెట్టి ఊరు దాటలేదట. అన్నట్టు, పిల్లల్ని లైట్‌హౌసుకి తీసుకెళ్దామనుకుంటున్నాను. నువ్వు చదివిన ఆ పుస్తకం తెచ్చిపెడుదూ."

ఆమెకి మనసులో కలుక్కుమంది. చీటీ సంగతి మాత్రం నోరు విప్పలేదు.

కిందికెళ్లి, ఇప్పుడు రీడింగ్ రూము తాళం చూస్తున్న వాచ్‌మన్‌ని అడిగి పుస్తకం తీసుకుని లిఫ్టెక్కింది. మూడో మీట నొక్కింది. రెండో అంతస్తు దాటాక డబ్బా ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది.

మీటలన్నీ నొక్కింది. తలుపు దబదబా బాదింది. జాలీ ఉన్నప్పుడు కనీసం గాలి వచ్చేది, మెట్ల మీద మనుషులు కనపడేవారు. ఇప్పుడు నాలుగువైపులా స్టీలే. ఇలా ఆగినప్పుడల్లా పిడిని అటూ ఇటూ తిప్పి, "భయం లేదమ్మా, ఒక్క నిమిషం," అనేవాడు బాబాయి. ఆ మాట ఇప్పుడెవరూ అనరు.

"ఎవరండీ లోపల?" బయటినుంచి కేక.

"నేను, ఫైళ్ల సెక్షను."

"మెకానిక్కు రావాలి. అరగంట పడుతుంది, కూర్చోండి."

స్కార్ఫు పరుచుకుని కూర్చుంది. ఏదో ఒకటి చదివితే భయం తగ్గుతుందని పుస్తకం తెరిచింది.

లైట్‌హౌసు పేజీ. ఆరోజు ఖాళీగా ఉన్న అంచులో ఇప్పుడు గుండ్రటి అక్షరాలున్నాయి.

"పొద్దున బస్సులో ఎడమవైపు సీటు పట్టండి. కుడివైపు కూర్చుని మన మూడో అంతస్తు అమ్మాయి చెంప మాడిపోయింది, పాపం. చెప్పుల సంగతి ఇంకా చెప్పలేదు, ఈసారి లిఫ్టెక్కినప్పుడు అడగాలి."