ముప్పై ఏడున్నర దాటొద్దు

"ఎత్తు బొజ్జన్నా, ఇంకేం చూస్తవ్! బదులు ఒక స్టీలు బిందె ఇయ్యి, సాలు," అంది జమ్లి.

పాతసామాన్ల బొజ్జయ్య చేతులు తువ్వాలుకు తుడుచుకుని, మూలనున్న కంప్యూటర్ డబ్బా మీదికి వంగాడు. లాలు అడ్డం నిలబడ్డాడు.

"ఇయ్యాల్టికి ఆగమను, అన్నా."

"ఆగమంటుండు చెల్లే," అన్నాడు బొజ్జయ్య, మొగుడి మాట పెళ్లానికి మోస్తూ.

"నువ్వు వచ్చినప్పుడల్లా గిదే మాట. ఇయ్యాల్టితో ఇంట్ల నుంచి పోవాలె. చెప్పు ఆయనకు."

ఎదురుగా ఉన్న మొగుడితో జమ్లి మాట్లాడక పక్షం దాటింది. చెప్పాల్సిందంతా గిన్నెలకో, గోడకో చెబుతుంది.

తప్పు లాలుదే. అశ్వారావుపేట పామాయిల్ తోటల్లో ట్రాక్టర్ తోలి వచ్చి ఆ డబ్బా ముందు కూర్చున్నాడంటే ఇల్లు తగలబడ్డా తెలియదు. ఖమ్మంలో ఎవరెవరో పారేసిన ముక్కలు ఏరుకొచ్చి అతికించిన మెషిన్ అది. రెప్పపాటు ముందు తెరుచుకునేలా చేయాలని గంటల తరబడి దాని పేగులు తీసి, మళ్లీ పెట్టేవాడు. ఆ ధ్యాసలోనే ఒకనాడు గంప మూయడం మరిచాడు. జమ్లి పుట్టింటి నుంచి తెచ్చుకున్న కోడిని అడవిపిల్లి ఎత్తుకుపోయింది. తెల్లారేసరికి గంపలోని గుడ్లూ లేవు. మొగుడే అట్టేసుకుని మింగాడని జమ్లి నమ్మకం. అడిగితే నేలచూపులు చూశాడు మరి.

దాంతోనైనా బుద్ధి వచ్చిందా అంటే, పిచ్చి ఇంకా ముదిరింది. ఇదివరకు స్పీడు, స్పీడు అనేవాడు. ఇప్పుడు వేడి గోల పట్టుకున్నాడు. తెర మీద అంకె చూస్తూ "ముప్పై ఏడున్నర దాటొద్దు" అని గొణుగుతాడు. డబ్బాలో గిన్నెతో నీళ్లు పెట్టాడు. పెద్ద పెద్ద మెషిన్లను నీళ్లతోనే చల్లబరుస్తారట! పొద్దునా మాపునా మూత తీసి, లోపల చెయ్యి పెట్టి ఏదో తిప్పుతాడు. కరెంటు పోతే గొంగడి కప్పుతాడు. కట్టుకున్నదానికి జ్వరమొచ్చినప్పుడు ఇంత చూశాడా?

"గంత వేడెక్కుతుంటే ఫ్యాను పెట్టుకోరాదు తమ్మీ," అన్నాడు బొజ్జయ్య.

"ఉన్న ఫ్యాను నేనే పీకేసిన, అన్నా."

"ఇన్నవా బొజ్జన్నా! గిదేం తెలివి?"

బొజ్జయ్య లాలును పక్కకు నెట్టి డబ్బా కింద చేతులు పెట్టాడు.

"వంచకు! నీ కాల్మొక్త, వంచకన్నా!"

ఆ గొంతు జమ్లికి కొత్త. ఒక్క క్షణం మనసు మెత్తబడింది. ఖాళీ గంప కంటపడగానే మళ్లీ బిగుసుకుంది.

అంతలో డబ్బాలో టక్, టక్‌మని చప్పుడైంది. బొజ్జయ్య చేతులు వెనక్కి తీసుకున్నాడు.

"లోపల ఏదో ఊడింది చెల్లే. దీనికి బిందె రాదు, చెంబైతే ఇస్త."

లాలు ముఖం మాత్రం వెలిగిపోయింది. "మూత నువ్వే తియ్యి, జమ్లీ."

"పాడైతే సంబరమా నీకు?"

ఇన్నాళ్లకు మొగుడి ముఖం చూసి ఆమె అన్న మొదటి మాట అది. విసురుగా మూత లాగి చెయ్యి లోపల పెట్టింది.

తడి ఆరని కోడిపిల్ల ఆమె వేలిని పొడిచింది.