ఒక్క పొద్దూ మానని గోల్‌కీపర్

రేపే ఈ ఏడు మొదటి ఫుట్‌బాల్ ఆట. ఇప్పుడు ఏ కాలేజీలోనైనా యంత్రమే ముందురోజు రెండు జట్లనూ తూచి, బలాబలాలు గోడమీంచి చదివి వినిపిస్తుంది. ఆటగాళ్ల కాళ్లకుండే కడియాలే దానికి వాళ్ల నడక, పరుగుల కబుర్లు మోస్తాయి.

మైదానానికి సున్నం గీతలు వేసే కుళ్లాయప్ప డబ్బా పట్టుకుని నిలబడి విన్నాడు.

"దాడిలో అవతలి జట్టే మెరుగు. ఇవతల గోల్‌కీపర్ రంగస్వామి ఉన్నాడు. నడక నెమ్మదించింది, గీతల వెంబడే తిరుగుతున్నాడు. అయినా మైదానానికి రావడం ఒక్క పొద్దూ మానలేదు. గెలుపు ఇవతలి వాళ్లదే."

ఇవతలి జట్టు పిల్లలు బిగుసుకుపోయారు. కుళ్లాయప్ప కొడుకు రంగస్వామి పాము కరిచి పోయి నాలుగు నెలలైంది.

కోచ్ బాషా చూపు కుళ్లాయప్ప కాలిమీద పడింది. కొడుకు కడియం అక్కడుంది.

"తీసెయ్ కుళ్లాయప్పా. యంత్రంలో వాని పేరుంటే ఇంకొకణ్ని దించనీరు. రేపు గోలు ఖాళీగా ఉంటాది."

"ఊరంతా సచ్చినాడనే అంటాండారు సార్. ఉండాడని చెప్పేది ఇదొకటే."

పిల్లల వంక చూసి, కుళ్లాయప్పే వంగి కడియం తీసిచ్చాడు.

"రంగస్వామి నడక ఆగింది," అంది గోడ. "ఇవతలి జట్టుకు ఓటమి."

గోలు ముందరి గీత ఇంకా మిగిలుంది. నాలుగు నెలల్లో మొదటిసారి కుళ్లాయప్ప దాన్ని ఒంటరిగా వేశాడు.